ఒకే ప్రచురణ సంఘం, ఇద్దరు వ్యవస్థాపకులు: న్యీరో వివాదానికి మూలం 1940

యారో క్రాస్ (హంగరీ నాజీ అనుకూల పార్టీ) పాలనలోనూ పార్లమెంటులో కొనసాగిన హంగేరియన్ రచయిత యోజెఫ్ న్యీరో మీద గొడవ చల్లారినట్టే చల్లారి మళ్లీ రాజుకుంటుంది. 2012లో ఆయన చితాభస్మాన్ని ట్రాన్సిల్వేనియాలోని సేకెయుద్వర్‌హెయ్‌లో ఖననం చేయబోతే రొమేనియా ప్రభుత్వం అడ్డుకుంది. మే 27న ప్రార్థనలతోనే సరిపెట్టారు. ఆ సభకు హంగరీ పార్లమెంటు స్పీకర్ వెళ్లినందుకు నిరసనగా, నాజీల యూదు నరమేధం నుంచి బతికి బయటపడ్డ రచయిత ఎలీ వీజెల్ తనకిచ్చిన హంగరీ పురస్కారాన్ని తిరిగిచ్చేశారు. 2020లో జాతీయ పాఠ్యప్రణాళికలో న్యీరోను చేర్చితే ఉపాధ్యాయుల నుంచి అభ్యంతరాలు వచ్చాయి.

ఆయన అభిమానులు కథను 1924 నుంచి ఎత్తుకుంటారు. మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక ట్రాన్సిల్వేనియాను రొమేనియాకు ఇచ్చిన ట్రియనాన్ ఒప్పందం తర్వాత రొమేనియా పాలనలోకి వచ్చిన హంగేరియన్ రచయితలు ఆ ఏడాది కొలోజ్వార్‌లో (నేటి క్లూజ్) ‘ఎర్దేయి సేప్‌మీవెష్ సేహ్’ అనే ప్రచురణ సంఘం పెట్టుకున్నారు. పాఠకుల దగ్గర ముందుగా చందా కట్టించుకోవడం, ఆ డబ్బుతో పుస్తకాలు వేయడం దాని పద్ధతి. వాస్తుశిల్పి కూడా అయిన కారోయ్ కోష్ పుస్తకాల రూపకల్పన చూసేవారు. 1944 దాకా నూట యాభైకి పైగా పుస్తకాలు వచ్చాయి. ఆరుగురు వ్యవస్థాపకుల్లో న్యీరో ఒకరు. అది నిజమే. ఆ ఆరుగురిలోనే ఎర్నో లిగెతి అనే యూదు రచయిత కూడా ఉన్నారు. ఈ మాట మాత్రం వాళ్ల నోట అరుదుగా వస్తుంది.

1926 నుంచి రచయిత యానోష్ కెమేన్ తన మరోష్‌వేచ్ కోటకు రచయితలను పిలిచేవారు. హెలికాన్ అనే ఆ బృందానికి నియమావళి లేదు. అంతా స్నేహం మీద నడిచిపోయింది. మతం, రాజకీయం అడ్డురాలేదు. బలమూ అదే, లోపమూ అదే. ప్రభుత్వం సభ్యులను విడదీసే రోజు వస్తే ఏం చేయాలో ఎక్కడా రాసుకోలేదు.

1940 ఆగస్టు 30న ఆ రోజు రానే వచ్చింది. జర్మనీ, ఇటలీ ఇచ్చిన వియన్నా తీర్పుతో ఉత్తర ట్రాన్సిల్వేనియా హంగరీకి దక్కింది. చాలామందికి అది పండుగ. ఆ వెంటే హంగరీ యూదు వ్యతిరేక చట్టాలూ కొలోజ్వార్‌కు వచ్చాయి. 1934 నుంచి సొంత వారపత్రిక నడిపిన లిగెతికి పత్రికా రంగంలో చోటు లేకుండా పోయింది. న్యీరో 1941లో పార్లమెంటు సభ్యులయ్యారు. మైనారిటీగా గడిచిన ఇరవై రెండేళ్ల సాహిత్య జీవితాన్ని లిగెతి అదే ఏడాది పుస్తకంగా తెచ్చారు. ఆ కాలం గురించి ఎవరేం చెప్పినా ముందు దాన్ని చదవాలి.

1945 జనవరిలో బుడాపెస్ట్‌లో యారో క్రాస్ మూకలు లిగెతినీ ఆయన భార్యనూ చంపేశాయి.

న్యీరో ఎవరినీ చంపలేదు కదా అంటారు అభిమానులు. చంపారని ఎవరూ అనడం లేదు. 1944 అక్టోబరులో యారో క్రాస్ నాయకుడు సాలషి ప్రభుత్వం ఏర్పడ్డాక కూడా ఆయన పార్లమెంటు సభ్యత్వం వదలలేదు. పార్లమెంటు పశ్చిమ సరిహద్దు పట్టణం సొప్రోన్‌కు తరలితే అక్కడికీ వెళ్లారు. లిగెతి హత్య జరిగేనాటికి ఆయన ఇంకా అందులో సభ్యులే.