మారథాన్‌లో పడిపోయినవాడికి నీళ్ళు పట్టడం కాదు ముందు పని: అపోహలు - వాస్తవాలు

చెన్నైలో రన్నింగ్ సీజన్ మొదలైతే చాలు, మెడికల్ టెంట్‌లో ఒకటే మాట. "డీహైడ్రేషనండీ, నీళ్ళు సరిగ్గా తాగలేదు." పడిపోయినవాడిని మోసుకొచ్చిన ఫ్రెండ్ అదే అంటాడు, నెల్లూరు నుంచి ఫోన్ చేసిన అమ్మా అదే అంటుంది, వాట్సాప్ గ్రూపులోనూ అదే. ఈ ఒక్క మాట రెండు వైపుల నుంచీ ప్రాణం మీదికి తెస్తోంది. ఒళ్ళు కాలిపోతున్నవాడిని చల్లార్చకుండా నోట్లో నీళ్ళు పోస్తూ కూర్చుంటారు కొందరు. ముందే భయపడిపోయి లీటర్లకు లీటర్లు తాగి, రక్తంలో సోడియం పడగొట్టుకుంటారు ఇంకొందరు. అందుకే ఈ పోస్టులో ఎక్కువ భాగం దీని గురించే.

అపోహ: పడిపోయాడంటే ఒంట్లో నీళ్ళు తగ్గినట్టే

ముందు చూడాల్సింది ఎక్కడ పడ్డాడన్నది. పరుగెత్తినంతసేపూ పిక్కలు రక్తాన్ని పైకి, గుండె వైపు తోస్తుంటాయి. ఫినిష్ లైన్ దాటగానే టక్కున నిలబడిపోతే ఆ పంపు ఆగిపోతుంది. రక్తం కాళ్ళలోనే నిలిచిపోయి బీపీ పడిపోతుంది, కళ్ళు తిరుగుతాయి. ఇలాంటివాళ్ళను పడుకోబెట్టి కాళ్ళు ఓ అడుగు ఎత్తులో పెడితే చాలామంది కాసేపట్లో లేచి కూర్చుంటారు. సెలైన్ అక్కర్లేదు. గీత దాటాక ఓ పది నిమిషాలు నడిస్తే అసలు పడిపోయే అవకాశమే బాగా తగ్గుతుంది.

గీతకు ముందే, పరుగెడుతూ పడిపోయినవాడి సంగతి వేరు. వాడి పిక్కలు పనిచేస్తూనే ఉన్నాయి కదా, మరెందుకు పడ్డాడు? శ్వాస, నాడి లేకపోతే అది గుండె. వెంటనే సీపీఆర్ (ఛాతీ నొక్కడం), ఏఈడీ (గుండెకు షాక్ ఇచ్చే యంత్రం). శ్వాస ఉండి, మాట తేడాగా ఉంటే హీట్‌స్ట్రోకో (వడదెబ్బ), సోడియం పడిపోవడమో, షుగర్ పడిపోవడమో అనుకోవాలి. "ఏమీ లేదు, లేచి పరుగెత్తు" అనే మాట మాత్రం రాకూడదు.

1954లో వాంకూవర్‌లో జరిగిన కామన్వెల్త్ క్రీడల మారథాన్ చూడండి (అప్పటి పేరు బ్రిటిష్ ఎంపైర్ అండ్ కామన్వెల్త్ గేమ్స్). జిమ్ పీటర్స్ అప్పటికి ప్రపంచంలోకెల్లా వేగవంతమైన మారథానర్. ఎండలో అందరికంటే దాదాపు 17 నిమిషాల ముందు స్టేడియంలోకి వచ్చాడు. ట్రాక్ మీద పడుతూ లేస్తూ చివరికి గీత చేరలేకపోయాడు. ఆ తర్వాత మళ్ళీ పోటీల్లో పరుగెత్తలేదు. 64 ఏళ్ళ తర్వాత, 2018లో గోల్డ్ కోస్ట్‌లో, అవే క్రీడల పురుషుల మారథాన్‌లో స్కాట్లాండ్ రన్నర్ కల్లమ్ హాకిన్స్ సుమారు రెండు నిమిషాల ఆధిక్యంలో ఉండి, ఇంకో రెండు కిలోమీటర్లే ఉందనగా రోడ్డు పక్కన కూలిపోయాడు. వెనకాల వచ్చిన ఆస్ట్రేలియా రన్నర్ మైకేల్ షెల్లీ 2:16:46కి గెలిచాడు. శిక్షణ తక్కువై పడినవాళ్ళు కారు వీళ్ళిద్దరూ. వేడి ముందు ఎలీట్ అయినా ఒకటే.

పరుగెత్తేటప్పుడు కండరాలు వాడే శక్తిలో సుమారు ముప్పావు వంతు వేడిగానే మారుతుంది. ఆ వేడి ప్రధానంగా చెమట ఆవిరైతేనే బయటికి పోతుంది. చెన్నైలో తెల్లవారుజామున ఐదింటికి గాలి చల్లగా అనిపించినా తేమ నిండుగా ఉంటుంది. చెమట ఆరదు, మోచేతుల మీంచి కారిపోతుంది. కారిపోయిన చెమట ఒంటిని చల్లబరచదు. కడుపులో ఎన్ని నీళ్ళున్నా ఆ లెక్క మారదు. వేగం పెరిగే కొద్దీ పుట్టే వేడీ పెరుగుతుంది. అందుకే హీట్‌స్ట్రోక్ ఫుల్ మారథాన్‌లోనే కాదు, టెన్‌కేలోనూ (పది కిలోమీటర్ల పరుగు) వస్తుంది. నలభై ఐదు నిమిషాల్లో ఎంత నీరు పోయి ఉంటుంది?

"చెమట పడుతోంది కాబట్టి హీట్‌స్ట్రోక్ కాదు" అని ధైర్యం చెప్పేవాళ్ళున్నారు. ఎండలో ఊరికే కూర్చున్న పెద్దవయసువాళ్ళకు చర్మం పొడిబారవచ్చు. రన్నర్‌కి మాత్రం ఒళ్ళంతా తడిసి ఉండగానే హీట్‌స్ట్రోక్ వస్తుంది. చూడాల్సింది మనిషి ప్రవర్తన: తూలడం, అడిగినదానికి పొంతన లేని జవాబు, కోపం, బూతులు, ఎటో చూపు. నుదుటి థర్మామీటర్, చంకలో పెట్టేది, రెండూ ఇక్కడ మోసం చేస్తాయి. మలద్వారంలో పెట్టి చూసే ఉష్ణోగ్రతే లెక్క. అది 40 డిగ్రీల సెల్సియస్ దాటి, మాట తేడాగా ఉంటే ఇక ఆలోచించకూడదు.

అలాంటప్పుడు చేయాల్సింది చల్లార్చడం. అదీ అక్కడే. అంబులెన్స్ ఎక్కించాక కాదు, ఏసీ కారులో పడుకోబెట్టీ కాదు. 108కి ఫోన్ చేయండి, అది వచ్చేలోపు పని మొదలుపెట్టండి. పెద్ద టబ్బో, పిల్లల గాలి కొలనో ఉంటే ఐసు నీళ్ళలో ఛాతీ దాకా ముంచండి. చంకల కింద నుంచి తువ్వాలు వేసి ఒకరు వెనక నుంచి పట్టుకోవాలి, తల జారకుండా. నీళ్ళను కలుపుతూ ఉండాలి, లేకపోతే ఒంటి చుట్టూ ఉన్న నీరు వేడెక్కి ఊరుకుంటుంది. టబ్బు లేదా? టార్పాలిన్ నాలుగు మూలలా నలుగురు ఎత్తి పట్టుకుంటే అదే తొట్టి. 20 లీటర్ల క్యాన్లు ఏడెనిమిది, పగలగొట్టిన ఐసు దిమ్మ, ఇంతే సరంజామా. అదీ లేకపోతే ఐసు బకెట్‌లో తువ్వాళ్ళు ముంచి తల, మెడ, చంకలు, గజ్జలు, తొడల మీద వేస్తూ రెండు మూడు నిమిషాలకోసారి మార్చండి, గాలి విసరండి. తల మీద ఒక సీసా నీళ్ళు కుమ్మరించి ఊరుకుంటే పనికాదు.

ఐసు నీళ్ళలో ఒంటి ఉష్ణోగ్రత సుమారు ఐదు నిమిషాలకు ఒక డిగ్రీ చొప్పున దిగుతుంది. 39 దగ్గరికి రాగానే బయటికి తీయాలి. పడిపోయిన అరగంటలోపు ఇది జరిగిపోవాలి. అమెరికాలోని ఫాల్మౌత్ రోడ్ రేస్‌లో 18 ఏళ్ళలో 274 హీట్‌స్ట్రోక్ కేసులకు ఇలాగే చేశారు, అందరూ బతికారు. ఇది జ్వరం కాదు కాబట్టి పారాసెటమాల్ పనిచేయదు. స్పృహ సరిగ్గా లేనివాడి నోట్లో నీళ్ళు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. దయచేసి పోయకండి.

అపోహ: ఎంత తాగితే అంత క్షేమం

రక్తంలో సోడియం లీటరుకు 135 నుంచి 145 మిల్లీమోల్స్ మధ్య ఉండాలి. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రన్నర్ల రక్తం పరీక్షిస్తే 13 శాతం మందికి 135 లేదా అంతకన్నా తక్కువ ఉంది. ముగ్గురికి 120 లేదా ఇంకా కింద. సోడియం తగ్గినవాళ్ళలో కనిపించిన ముఖ్యమైన తేడా, పరుగులో బరువు పెరగడం. నాలుగు గంటలు దాటి పరుగెత్తేవాళ్ళకు ప్రమాదం ఎక్కువ.

లెక్క మీరే వేసుకోండి. 55 కిలోల మనిషి, ఆరు గంటల ఫుల్ మారథాన్ (42 కిలోమీటర్లు), గంటకు అర లీటరు చెమట. మొత్తం మూడు లీటర్లు. రెండు కిలోమీటర్లకో ఎయిడ్ స్టేషన్ (దారిలో నీళ్ళిచ్చే చోటు) ఉండి, ప్రతిచోటా 200 మిల్లీలీటర్ల గ్లాసు తాగితే సుమారు నాలుగు లీటర్లు. ఒక లీటరు మిగులు, అది రక్తంలోని సోడియంను పలుచన చేస్తుంది. కడుపు ఉబ్బరం, వాంతి, తలనొప్పి, వాచీ పట్టీ బిగుసుకోవడం, తర్వాత అయోమయం, ఫిట్స్. దీన్ని కూడా డీహైడ్రేషన్ అనుకుని మామూలు సెలైన్ బాటిళ్ళు ఎక్కిస్తే మెదడు వాపు పెరగవచ్చు. దీనికి కావాల్సింది 3 శాతం సెలైన్, 100 మిల్లీలీటర్లు, డాక్టర్ చేతి మీదుగా. స్పోర్ట్స్ డ్రింక్ తాగితే ఈ బాధ ఉండదనుకోకండి. దానిలో సోడియం రక్తంలో ఉన్నదానిలో ఏడో వంతో ఎంతో, అదీ పలుచన చేసేదే.

మీ కొలత తెలుసుకోవడం తేలిక. మూత్రానికి వెళ్ళొచ్చి, తక్కువ బట్టలతో బరువు చూసుకోండి. రేసు వేగంలో గంట పరుగెత్తి, ఒళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసుకోండి. 70 కిలోలు 69.2 అయ్యి, మధ్యలో 400 మిల్లీలీటర్లు తాగి ఉంటే, గంటకు 1.2 లీటర్ల చెమట. అది తాగాల్సిన లక్ష్యం కాదు, దాటకూడని హద్దు. దాహమైనప్పుడు తాగితే చాలు. ముగిసేసరికి కిలో, కిలోన్నర తగ్గడం మామూలే.

మిగతావి గబగబా

"బెంగళూరులో హాఫ్ హాయిగా కొట్టాను, చెన్నై ఎంత?" బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉన్న చల్లని ఊరు. ఇక్కడి తేమకు ఒళ్ళు అలవాటు పడాలంటే పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. ఓఎమ్మార్ (చెన్నై ఐటీ ఆఫీసుల రోడ్డు)లో పగలంతా ఏసీలో ఉండి, ట్రెడ్‌మిల్ మీదే తయారైనవాళ్ళకూ ఇదే వర్తిస్తుంది. టోక్యో ఒలింపిక్స్ మారథాన్‌ను చల్లగా ఉంటుందని సప్పోరోకి మార్చినా, మొదలుపెట్టిన 106 మంది పురుషుల్లో 30 మంది మధ్యలోనే ఆగిపోయారు. డీఎన్‌ఎఫ్ (రేసు పూర్తి చేయకుండా ఆగడం) సిగ్గుపడే విషయం కాదు.

"ముందు వేగంగా పోయి టైమ్ దాచుకోవాలి." కెన్యా రన్నర్ కెల్విన్ కిప్టమ్ 2023లో షికాగో మారథాన్‌ను 2:00:35లో, అప్పటి ప్రపంచ రికార్డుతో, పరుగెత్తినప్పుడు మొదటి సగం 60:48, రెండో సగం 59:47. ఇంకేం చెప్పాలి?

"35 ఏళ్ళు దాటితే ఫుల్ వద్దు." పోర్చుగల్ రన్నర్ కార్లోస్ లోపెస్ 1984 ఒలింపిక్ మారథాన్ గెలిచింది 37 ఏళ్ళకు.

"రేసు ముందు పెయిన్‌కిల్లర్ వేసుకుంటే మోకాలు బాధించదు." ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి చెమటోడ్చే ఒంట్లో కిడ్నీల మీద పడతాయి. రేసు రోజు వద్దే వద్దు.

"ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్ ఒక గ్లాసులో కలుపుకుంటే బలం." లీటరు నీళ్ళకు ఒక ప్యాకెట్. చిక్కగా తాగితే వికారం, విరేచనాలు.

ఇంట్లోవాళ్ళ భయం అర్థమవుతుంది. వాళ్ళ కోసం ఒక పని చేయండి. బిబ్ (ఛాతీ మీద పెట్టుకునే రేసు నంబరు) వెనక ఇంటి ఫోన్ నంబరు, షుగర్ బీపీ మందుల పేర్లు, ఆ తెల్లవారుజామున తూగిన బరువు రాసుకోండి. మీరు జవాబు చెప్పలేని స్థితిలో టెంట్‌కి వస్తే, తూకం వేసి చూడగానే బరువు పెరిగిందో తగ్గిందో తెలుస్తుంది. సెలైన్ పెట్టాలా వద్దా అన్నది సగం అక్కడే తేలుతుంది.