కుక్క వాటా తాలింపుకు ముందే

కుక్కకు పనికొచ్చే పదార్థాలకు మన వంటింట్లో కొదవ లేదు. రాగిపిండి, చిలగడదుంప, గుమ్మడికాయ, గుడ్డు, పెరుగు, కోడి కార్జం. పెరుగు తప్ప మిగతావాటిని మెత్తగా ఉడికించి కొద్దికొద్దిగా పెడితే హాయిగా తిని అరిగించుకుంటుంది. చిక్కంతా ఆ తర్వాత మనం వేసే వాటితోనే వస్తుంది. ఉప్పు, ఉల్లిపాయ, వెల్లుల్లి, చింతపండు, తాలింపు నూనె. అందుకే ఇంట్లో కుక్కకు ట్రీట్లు చేద్దామనుకునేవాళ్లు అడిగితే నేను ముందు చెప్పే మాట ఒకటే: దాని వాటా తాలింపుకు ముందే తీసి పక్కన పెట్టండి. ఈ ఒక్క అలవాటుతో సగం టెన్షన్ తీరిపోతుంది.

కుక్క అంటే మాంసం తినే జంతువు కదా, దానికి రాగులూ దుంపలూ ఎందుకని చాలామందికి అనుమానం. 2013లో స్వీడన్‌లోని ఉప్సలా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు కుక్కల జన్యువులనూ తోడేళ్ల జన్యువులనూ పక్కపక్కన పెట్టి చూశారు. పిండిపదార్థాన్ని విడగొట్టే అమైలేజ్ అనే ఎంజైమ్‌ను క్లోమం తయారుచేస్తుంది. ఆ ఎంజైమ్‌కు కారణమైన జన్యువు తోడేలులో రెండు ప్రతులే ఉంటే, కుక్కల్లో 4 నుంచి 30 దాకా కనిపించాయి. మనిషి వ్యవసాయం మొదలుపెట్టాక అతని గుమ్మం ముందే బతికిన జంతువు, అతను తినగా మిగిలిన గింజల తిండికి ఒంటిని అలవాటు చేసుకుంది. మన పల్లెల్లో కుక్కలు తరతరాలుగా గంజి, సంగటి, మజ్జిగన్నం తిని బతికాయంటే అందులో వింతేమీ లేదు. అన్ని జాతులూ ఒకేలా ఉండవు. సేద్యం పెద్దగా లేని మంచు ప్రాంతాల నుంచి వచ్చిన సైబీరియన్ హస్కీల్లో ఈ ప్రతులు తక్కువ.

ఒక్క షరతు ఉంది. పిండి బాగా ఉడకాలి. మనం అన్నం నమలడం మొదలుపెట్టగానే లాలాజలంలోని అమైలేజ్ పని మొదలుపెడుతుంది. కుక్క నోట్లో ఆ పని దాదాపు జరగదు, అంతా చిన్నపేగులోనే జరగాలి. పచ్చి పిండి రేణువు గట్టిగా ముడుచుకుని ఉంటుంది. నీళ్లలో ఉడికితే ఉబ్బి విచ్చుకుంటుంది, అప్పుడే ఎంజైమ్‌కు చిక్కుతుంది. అరకొరగా కాలిన రొట్టె తిన్న కుక్కకు కడుపు ఉబ్బరం రావడానికి ఇదో కారణం. ఈస్ట్ కలిపిన పచ్చి పిండిముద్ద అయితే మరీ ప్రమాదం. కడుపులోని వెచ్చదనానికి పొంగుతూనే ఉంటుంది, ఆల్కహాల్ కూడా పుట్టిస్తుంది.

ట్రీట్ అనేది కడుపు నింపడానికి కాదు, కుక్కను మురిపించడానికి. దాన్ని మురిపించేది వాసన. మన నాలుక మీద రుచి మొగ్గలు సుమారు 9,000 ఉంటే కుక్కకు 1,700 దాకా ఉంటాయి. అదే ముక్కుకు వచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. వాసన పట్టే కణాలు మనకు యాభై అరవై లక్షలైతే దానికి 20 కోట్ల పైమాటే. అందుకే ట్రీట్ ఎంత పెద్దదన్నది దానికి అంత ముఖ్యం కాదు, గుప్పుమనే వాసన ఉంటే బొటనవేలి గోరంత ముక్క చాలు. విడిగా ఉప్పూ కారం కలపాల్సిన అవసరం లేదు. తీపి మాత్రం దానికి తెలుస్తుంది. పిల్లికి తీపిని పట్టే జన్యువు పాడైపోయింది గానీ కుక్కకు అది బాగానే ఉంది. అలాగని బెల్లం వేయనక్కర్లేదు. చిలగడదుంపను నెమ్మదిగా ఉడికిస్తే అందులో ఉన్న ఎంజైమే పిండిని మాల్టోజ్ అనే చక్కెరగా మారుస్తుంది. సన్న మంట మీద ఉడికిన దుంప ఎక్కువ తియ్యగా ఉండటానికి కారణం అదే.

నాకు బాగా నచ్చిన పద్ధతి చెబుతాను. 100 గ్రాముల కోడి కార్జాన్ని కడిగి, మునిగేటన్ని నీళ్లు పోసి, ఉప్పూ పసుపూ ఏమీ లేకుండా పది నిమిషాలు ఉడికించాలి. ముక్క విరిస్తే లోపల ఎరుపు కనిపించకూడదు, వేళ్ల మధ్య నలిపితే పొడిపొడిగా రాలాలి. ఆ నీళ్లు పారబోయొద్దు, వాసనంతా వాటిలోనే ఉంది. కార్జాన్నీ, ఉడికిన చిలగడదుంప ఒకదాన్నీ కలిపి మెత్తగా చిదిమి, 150 గ్రాముల రాగిపిండి, 50 గ్రాముల గోధుమపిండి వేసి, ఆ నీళ్లు కొద్దికొద్దిగా చల్లుతూ చపాతీ పిండి కంటే కాస్త గట్టిగా కలపాలి. పిండిని సాగేలా పట్టి ఉంచే గ్లూటెన్ రాగుల్లో లేదు. ఒట్టి రాగిపిండితో చేస్తే అంచులు విరిగి పొడైపోతాయి, అందుకే ఆ గోధుమపిండి. అర సెంటీమీటరు మందాన వత్తి, చాకుతో నిలువుగా అడ్డంగా గీసి ముక్కలు చేసి, ఓవెన్‌లో 160 డిగ్రీల దగ్గర అరగంట కాల్చి, ఆపేశాక కూడా చల్లారేదాకా లోపలే వదిలేయాలి. పైన గోధుమరంగు తేలి ఇల్లంతా మాంసం కాలిన వాసన వస్తుంది. మాంసకృత్తులు, చక్కెరలు వేడికి కలిసి కొత్త వాసనలు పుట్టించే ఈ చర్యను మెయిలార్డ్ చర్య అంటారు. ఓవెన్ లేకపోతే మందపాటి పెనం మీద, సన్న సెగ మీద, మూత లేకుండా తిప్పుతూ కాల్చుకోవచ్చు. కాస్త ఓపిక కావాలి అంతే. సరిగా ఆరిన ముక్క టక్కున విరుగుతుంది. వంగి విరిగితే లోపల ఇంకా చెమ్మ ఉన్నట్టు.

కార్జం వాసన కోసమే, దాన్నే రోజూ తిండిగా పెట్టకూడదు. అందులో విటమిన్ ఎ చాలా ఎక్కువ, అదనంగా పడింది మూత్రంలో పోకుండా ఒంట్లోనే పేరుకుంటుంది. అతిగా పేరుకుంటే ఎముకలకు చేటు.

ఇక ఎంత పెట్టాలన్నది. రోజు మొత్తం కేలరీల్లో ట్రీట్లు పదో వంతు దాటకూడదన్నది పశువైద్యులు సాధారణంగా చెప్పే లెక్క. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించిన 10 కిలోల కుక్కకు రోజుకు దాదాపు 630 కేలరీలు కావాలి. అంటే ట్రీట్లకు మిగిలేది 60 చిల్లర. పైన చెప్పిన బిస్కెట్ గ్రాముకు మూడున్నర కేలరీల దాకా ఇస్తుంది కాబట్టి గ్రాము ముక్కలు పదిహేను, పదహారు పెట్టొచ్చు. అదే ఒక ఉడికించిన కోడిగుడ్డు 70 కేలరీలు, ఒక్కదానితోనే ఆ రోజు కోటా దాటిపోతుంది. మనం టీలో ముంచుకునే బిస్కెట్ ఒక్కోటి 20, 25 కేలరీలు ఉంటుంది. పెద్ద మనిషికి రోజుకు 2,000 కేలరీలు అనుకుంటే, ఆ కుక్క తిన్న ఒక్క బిస్కెట్ మనం తిన్న మూడింటితో సమానం. ఇంట్లో నలుగురుంటే నలుగురూ "ఒక్కటేగా, పెట్టనీ" అని తలా ఒకటీ వేస్తారు. పొద్దున్నే ఆ రోజు ముక్కలు లెక్కపెట్టి చిన్న డబ్బాలో వేసి, ఎవరు పెట్టినా అందులోంచే తీయాలని చెప్పడం ఒక్కటే నాకు తెలిసిన మందు.

మాంసాన్ని ఎండబెట్టి పెట్టాలనుకుంటే ఇంకాస్త జాగ్రత్త కావాలి. తెలంగాణ ఇళ్లలో ఒట్టి తునకలు చేస్తారు. మాంసానికి ఉప్పు, పసుపు పట్టించి ఎండలో ఆరబెడతారు. అక్కడ మాంసాన్ని కాపాడేది ఎండ ఒక్కటే కాదు, సగం పని ఉప్పు చేస్తుంది. కుక్క కోసం ఉప్పు తీసేస్తే ఆ కాపలా పోయినట్టే. ఎండలో చెమ్మ ఆవిరవుతున్నంతసేపూ ముక్క చల్లగానే ఉంటుంది, అప్పుడు సాల్మొనెల్లా లాంటి బ్యాక్టీరియా చావదు. పైగా నెమ్మదిగా ఎండే కొద్దీ అవి వేడిని తట్టుకునేలా మొండికేస్తాయి. అందుకే చికెన్‌ను ముందు బాగా ఉడికించి, లోపలి వేడి 74 డిగ్రీలు దాటాక, అప్పుడు సన్నగా చీల్చి ఓవెన్‌లో ఆరబెట్టాలి. వానాకాలంలో అయితే ఎలా చేసినవైనా ఫ్రిజ్‌లోనే పెట్టండి. బయట ఉంచితే నాలుగు రోజుల్లో చెమ్మ లాగేసుకుంటాయి.

కొన్నదానికంటే ఇంట్లో చేసింది మేలన్న నమ్మకం ఊరికే పుట్టలేదు. 2007 నుంచి అమెరికాలో ఎండు మాంసం ట్రీట్లు తిన్న వేలాది కుక్కలు జబ్బుపడ్డాయని అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థకు ఫిర్యాదులు వచ్చాయి. వాటిలో ఎక్కువ చైనా నుంచి వచ్చిన సరుకు. వెయ్యికి పైగా కుక్కలు చనిపోయాయని ఆ ఫిర్యాదుల్లో ఉంది. ఏళ్ల తరబడి పరీక్షించినా అసలు కారణం ఇదీ అని తేలలేదు. అయితే మన ఇంట్లోనూ ప్రమాదాలున్నాయి, అవి వేరే రకం.

చింతపండు సంగతి తెలుగువాళ్లందరికీ చెప్పాలని నా ఆరాటం. ద్రాక్ష, కిస్‌మిస్ తిన్న కుక్కల్లో కొన్నిటికి మూత్రపిండాలు దెబ్బతింటాయని పశువైద్యులకు ఇరవై ఏళ్లకు పైగా తెలుసు. ఎందుకో మాత్రం చాలాకాలం అంతు చిక్కలేదు. అమెరికాలో ఒక కుక్క పిల్లలు ఆడుకునే పిండిముద్దను తినేసి అదే జబ్బుతో ఆసుపత్రికి వచ్చింది. ఆ ముద్దను ఇంట్లోనే చేశారు, అందులో టార్టారిక్ ఆమ్లపు లవణమైన క్రీమ్ ఆఫ్ టార్టార్ వేశారు. ద్రాక్షలోనూ ఉన్నది ఆ ఆమ్లమే కాబట్టి, అసలు దోషి అదే కావచ్చని అక్కడి విషచికిత్స నిపుణులు 2021లో ప్రతిపాదించారు. మరుసటి ఏడాది అచ్చయిన వ్యాసంలో చింతపండు తిని మూత్రపిండాలు దెబ్బతిన్న కుక్కల కేసులూ ఉన్నాయి. ద్రాక్షలో ఈ ఆమ్లం ఒక శాతం అటూ ఇటూ ఉంటుంది. చింతపండు గుజ్జులో 8 నుంచి 18 శాతం దాకా ఉంటుంది! మనిషి మూత్రపిండం ఈ ఆమ్లాన్ని బయటికి పంపేయగలదు, కుక్క మూత్రపిండం పంపలేక తన కణాల్లోనే పోగేసుకుంటుందని శాస్త్రవేత్తల అంచనా. పులిహోర మిగిలిందని, సాంబారు అన్నం కలిపి ఉందని, పండగనాడు కిస్‌మిస్ వేసిన పాయసం అడుగున ఉందని కుక్క గిన్నెలో వేసే ముందు ఒక్క క్షణం ఆగండి.

ఉల్లిపాయ, వెల్లుల్లి వేరే దారిలో దెబ్బ కొడతాయి. వాటిలోని గంధక పదార్థాలు కుక్క ఎర్ర రక్తకణాలను లోపలి నుంచి దెబ్బతీసి పగలగొడతాయి. ఉడికించినా, వేయించినా ఆ గుణం పోదు. బిర్యానీ మీద చల్లే వేయించిన ఉల్లిపాయలో నీళ్లు పోయి ఉంటాయి కాబట్టి గుప్పెడులోనే బోలెడు ఉల్లి ఉంటుంది. నీరసం, పాలిపోయిన చిగుళ్లు రెండు మూడు రోజులు ఆగి కనిపిస్తాయి, అప్పటికి ఏం తిందో మనం మరిచిపోయి ఉంటాం. చాక్లెట్ సంగతి చాలామందికి తెలిసిందే. షుగర్ ఫ్రీ చూయింగ్ గమ్‌లోనూ, కొన్ని పీనట్ బటర్లలోనూ చక్కెరకు బదులు వేసే జైలిటాల్ గురించి మాత్రం తెలియాలి. అది పడగానే కుక్క క్లోమం ఇన్సులిన్‌ను కుమ్మరిస్తుంది, గంటలోపే రక్తంలో చక్కెర పడిపోవచ్చు. 10 కిలోల కుక్కకు ఒక్క గ్రాము చాలు.

పీనట్ బటర్ ఎందుకు, వేరుశనగలు వేయించి పొడి చేసి బిస్కెట్లో కలుపుకుందాం అంటారా? మంచి గింజలైతే కొద్దిగా కలపొచ్చు. కానీ చెడిపోయిన గింజలను ఏరి "కుక్కకు పనికొస్తాయిలే" అని పక్కన పెట్టడం చాలా ఇళ్లలో చూస్తాం. సరిగ్గా ఆ గింజలే దానికి పెట్టకూడనివి. వేరుశనగకు పట్టే ఆస్పర్జిల్లస్ అనే బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని చేస్తుంది. మన పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా దీనిమీదే పని చేస్తున్నారు. వేయిస్తే బూజు చస్తుంది గానీ విషం పూర్తిగా పోదు. కుక్క కాలేయం దానికి త్వరగా లొంగిపోతుంది. అమెరికాలో 2005లో ఈ విషం ఉన్న మొక్కజొన్న కలిసిన తిండి వల్ల వందకు పైగా కుక్కలు చనిపోయాయి.

ట్రీట్లు బాగా కుదిరాయని పూర్తి భోజనమూ ఇలాగే చేద్దామనిపిస్తుంది. అక్కడ మాత్రం పశువైద్యుల సలహా లేకుండా దిగొద్దు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ డేవిస్ పరిశోధకులు 2013లో కుక్కల కోసం ఇంట్లో వండే 200 వంటకాలను లెక్కగట్టి చూస్తే, 95 శాతం వంటకాల్లో అవసరమైన పోషకం కనీసం ఒకటైనా చాలినంత లేదు. రోజూ పదో వంతు తిండిలో ఉండే లోటును మిగతా తొమ్మిది వంతులు పూడుస్తాయి. అన్ని వంతుల్లోనూ అదే లోటుంటే పూడ్చేది ఉండదు.

ఎంత జాగ్రత్తగా ఉన్నా ఎప్పుడో ఒకప్పుడు చింతపండు డబ్బా కింద పడుతుంది, కిస్‌మిస్ ప్యాకెట్ కుక్క నోటికి చిక్కుతుంది. కుక్క హుషారుగానే ఉంది కదా అని తెల్లారేదాకా చూడకండి. కక్కిస్తామని ఉప్పునీళ్లు అస్సలు తాగించకండి, ఆ ఉప్పే ప్రాణం మీదికి తెస్తుంది. ఏం తింది, సుమారు ఎంత, ఏ టైముకి, కుక్క బరువెంత అన్నవి కాగితం మీద రాసుకుని, ప్యాకెట్ చేతిలో పెట్టుకుని వెంటనే పశువైద్యుల దగ్గరికి బయల్దేరండి. దారిలోనే ఫోన్ చేసి ఆ నాలుగు ముక్కలూ చెప్పేస్తే, మీరు చేరేసరికి వాళ్లు సిద్ధంగా ఉంటారు.