బొమ్మ ఆగితేనే ప్రశ్న

ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరులో సర్కారు బడుల్లోని ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు ఇచ్చారు. మరుసటి ఏడాది హైస్కూళ్లలో నల్లబల్ల పక్కన ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెళ్లు, అంటే తాకితే పనిచేసే పెద్ద తెరలు, వచ్చాయి. తెర మీద గుండె కొట్టుకుంటుంది, భూమి ఒరిగి తిరుగుతుంది. దాంతో పాత వాదన మళ్లీ లేచింది. కదిలే బొమ్మలు చూస్తే పిల్లలకు తెలుసుకోవాలనే కోరిక పుడుతుందా, లేక కళ్లప్పగించి కూర్చుంటారా?

మన దేశంలో ఈ ప్రయోగం కొత్తదేమీ కాదు. 1956లో డిస్నీ సంస్థలో పనిచేసిన క్లెయిర్ వీక్స్ అనే యానిమేటర్ అమెరికా సాంకేతిక సాయం కింద బొంబాయి వచ్చి, ప్రభుత్వ చిత్ర సంస్థ ఫిల్మ్స్ డివిజన్‌లో కార్టూన్ విభాగానికి శిక్షణ ఇచ్చారు. ఆయన పుట్టింది మన దేశంలోనే, మిషనరీల ఇంట్లో. అక్కడ తయారైన తొలి చిత్రానికి జాతక కథ ఆధారం. ఆ శిక్షణలోనే ఎదిగినవాడు రామ్ మోహన్. ఆయన సంగతి తర్వాత వస్తుంది.

అప్పట్లో ఖర్చు పెట్టేది ప్రభుత్వం కాబట్టి చెప్పేది కూడా ప్రభుత్వ సందేశమే. అయినా 1974లో విజయా మూలే తీసిన హిందీ బొమ్మల చిత్రం ‘ఏక్ అనేక్ ఔర్ ఏక్తా’ నిలబడిపోయింది. యానిమేటర్ భీమ్‌సేన్ గీసిన బొమ్మలు, ఏడు నిమిషాల నిడివి. అది ఉపన్యాసంతో కాకుండా పిల్లల సందేహంతో మొదలవుతుంది. అనేకం అంటే ఏమిటని పిల్లలు అడుగుతారు, అక్క కథ చెబుతుంది. వల ఎత్తుకుని ఎగిరిపోయిన పక్షులు, ఆ వల కొరికిన ఎలుకలు. చిన్నయసూరి ‘మిత్రలాభం’ చదివినవాళ్లకి పావురాల రాజు చిత్రగ్రీవుడు వెంటనే గుర్తొస్తాడు. దూరదర్శన్ దాన్ని ఎన్నిసార్లు వేసిందో గానీ, ఆ రోజుల్లో టీవీ ఉన్న ఇళ్లలో పెరిగినవాళ్లలో హిందీ రానివాళ్లు కూడా అందులోని పాట అందుకుంటారు.

మరుసటి ఏడాది మూలే పల్లె బడుల కోసం విద్యా కార్యక్రమాలు తయారుచేసే కేంద్రానికి అధిపతి అయ్యారు. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు నాసా ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు టీవీ వచ్చింది. అదే ‘సైట్’ ప్రయోగం. ఇస్రోవాళ్లు కోళ్ల గూడుకి కట్టే ఇనప వలతో పదడుగుల యాంటెన్నాలు చేసి నిలబెట్టారు. పొద్దున బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు. నాలుగు భాషల్లో తెలుగు ఒకటి, హైదరాబాద్‌లో ఒక తయారీ కేంద్రం. ఏడాది కాగానే అమెరికా ఉపగ్రహాన్ని వెనక్కి తీసుకుంది.

అమెరికాలో ఈ పని మరో దారిలో నడిచింది. 1969లో మొదలైన పిల్లల టీవీ కార్యక్రమం ‘సెసమీ స్ట్రీట్’ అక్షరాలను, అంకెలను టీవీ ప్రకటనల ఫక్కీలో చిన్న చిన్న బొమ్మల తునకలుగా చేసింది. ఏది పనిచేస్తోందో తేల్చడానికి ఎడ్వర్డ్ పామర్ అనే పరిశోధకుడు ఓ ఉపాయం పన్నాడు. టీవీ పక్కనే స్లైడ్ ప్రొజెక్టర్ పెట్టి ఏడున్నర సెకన్లకో బొమ్మ మార్చేవాడు. పిల్లవాడి చూపు ఏ క్షణంలో అటు మళ్లితే ఆ ముక్క దండగ అన్నమాట. తెలివైన పద్ధతే. కాకపోతే దాంతో తెలిసేది చూపు ఎక్కడుందో. బుర్రలో ఏం జరుగుతోందో తెలియదు.

ఆ లోటును 1996లో ‘బ్లూస్ క్లూస్’ అనే మరో పిల్లల కార్యక్రమం కొంత పూడ్చింది. తెర మీది మనిషి ప్రశ్న అడిగి, నిజంగానే ఆగి, జవాబు కోసం ఎదురుచూస్తాడు. ఒకే భాగాన్ని సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ వేసేవారు. పెద్దలకు విసుగే. పిల్లలు మాత్రం రోజులు గడిచేకొద్దీ ఇంకా గట్టిగా జవాబులు అరిచేవారు.

మన వైపు, 1990ల మొదట్లో యునిసెఫ్ కోసం రామ్ మోహన్ బృందం మీనా అనే దక్షిణాసియా పల్లె పిల్లను గీసింది. తొలి చిత్రంలో మీనాని బడికి పంపరు. తను తన చిలకని పంపుతుంది. చిలక బడిలో విన్న లెక్క ఇంటికి తెస్తుంది. ఆ లెక్కతోనే కోళ్లను ఎంచి, ఒకటి తగ్గిందని మీనా పట్టేస్తుంది, దొంగ దొరుకుతాడు. అంకెలు ఎందుకో చెప్పడానికి ఇంతకంటే మంచి దారి నాకైతే తోచదు.

ఆ తర్వాత ఖర్చు పెట్టే చేతులు మారాయి, ప్రభుత్వం బదులు వ్యాపారం వచ్చింది. హైదరాబాద్ స్టూడియోలు విదేశీ సీరియళ్లకు పనిచేస్తూ పెరిగాయి. 2008లో ఇక్కడి నుంచే ఛోటా భీమ్ వచ్చాడు. లడ్డూ తిని కొట్టే పిల్లాడు, పాఠం చెప్పాలన్న భారం వాడికి లేదు, ఉండాలని అనడమూ అన్యాయమే. యూట్యూబ్ వచ్చాక మాత్రం తెలుగు రైమ్‌లు వరదలా వచ్చాయి. ‘చిట్టి చిలకమ్మా’నే తీసుకోండి. దాని నిండా ప్రశ్నలే. అమ్మ కొట్టిందా, తోటకెళ్లావా, పండు తెచ్చావా. అమ్మమ్మ ఒళ్లో కూర్చోబెట్టుకుని పాడితే ఒక్కో ప్రశ్నకీ ఆగుతుంది, పిల్ల తల ఊపేదాకా. వీడియోలో తాళం ఆగదు, పాట అయిన వెంటనే ఇంకోటి అందుకుంటుంది. ప్రకటనల మీద బతికే చోట ఆగడమంటే నష్టం.

పరిశోధనలూ ఈ వేగం దగ్గరే తచ్చాడుతున్నాయి. 2002లో మనస్తత్వ శాస్త్రవేత్త బార్బరా ట్వెర్స్కీ, ఆమె సహచరులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలు వడకట్టి, కదిలే బొమ్మ చాలాసార్లు నిశ్చల చిత్రం కంటే ఎక్కువేమీ నేర్పడం లేదన్నారు. కళ్లకు అందేలోపే దాటిపోతుందన్నది వాళ్లు చెప్పిన ఒక కారణం. 2011లో 60 మంది నాలుగేళ్ల పిల్లల మీద చేసిన మరో అధ్యయనంలో, వేగంగా పరిగెత్తే కార్టూన్ తొమ్మిది నిమిషాలు చూసినవాళ్లు ఆ వెంటనే పెట్టిన ఏకాగ్రత పరీక్షల్లో వెనకబడ్డారు. బొమ్మలేసుకున్న పిల్లలు మెరుగ్గా చేశారు. ఆ ప్రభావం ఎంతసేపు ఉంటుందో మాత్రం ఆ పరీక్ష చూడలేదు.

ఇక ప్యానెల్ దగ్గరకొస్తే, అక్కడ ఆపే మీట టీచరు చేతిలోనే ఉంది. గుండె బొమ్మని మధ్యలో ఆపి, ‘ఈ కవాటం మూసుకోకపోతే రక్తం ఎటు పోతుంది?’ అని అడగొచ్చు. అడిగితే నాలుగు నిమిషాల వీడియో పీరియడంతా పడుతుంది. ఆ నలభై నిమిషాలు ఇస్తే సిలబస్ ఎప్పుడవుతుందన్న టెన్షన్ ఆ టీచరుది.