గుండె ఆపరేషన్‌కు కాలి మీద కుట్లెందుకు?

మహబూబ్‌నగర్ నుంచో మిర్యాలగూడ నుంచో హైదరాబాద్ పోయి బైపాస్ చేయించుకొచ్చినవాళ్లను పలకరించడానికి వెళ్తే చుట్టాలంతా అడిగేది ఒకటే: గుండెకు ఆపరేషన్ అయితే కాలు ఎందుకు కోశారు? గుండెకు రక్తం తెచ్చే ధమనిలో పూడుకుపోయిన చోటును దాటి రక్తం పోవడానికి కొత్త దారి కావాలి. కాలి సిర తీసి ఆ దారి వేస్తారు. ఎదురొమ్ము ఎముక వెనక ఉండే ధమని ఇంకా మేలు. షుగర్ ఉన్నవాళ్లకు ఈ ఎంపిక మరీ ముఖ్యం.

రక్తనాళం లోపల ఒక్క కణం మందాన పొర ఉంటుంది. అది నైట్రిక్ ఆక్సైడ్ తయారుచేసి నాళాన్ని వదులుగా ఉంచుతుంది, రక్తం గడ్డకట్టకుండా కాపాడుతుంది. ఏళ్ల తరబడి షుగర్ ఎక్కువగా ఉంటే ఆ పొర పని దెబ్బతింటుంది, గోడ బిరుసెక్కుతుంది, కొవ్వు చేరుతుంది. అదీ ఒక్కచోట కాదు, చాలామందిలో ధమని పొడుగునా. నల్లగొండ బత్తాయి రైతుకు ఈ తేడా తెలిసిందే: డ్రిప్పు పైపులో ఒకచోట చెత్త అడ్డుపడటం వేరు, బోరునీళ్ల ఉప్పు పైపంతా పేరుకోవడం వేరు.

స్టెంట్ అంటే ధమని లోపల పెట్టే చిన్న జాలీ గొట్టం. అది వేసిన చోటే ధమని తెరుచుకుంటుంది. బైపాస్ అయితే అడ్డంకులు దాటాక కింది భాగానికి రక్తం అందిస్తుంది కాబట్టి పైన రేపు ఇంకో బ్లాకు వచ్చినా కొంత ధీమా. 2012లో వెలువడిన ఫ్రీడమ్ అధ్యయనంలో, రెండు మూడు ధమనుల్లో బ్లాకులున్న 1,900 మంది షుగర్ పేషెంట్లను చూశారు. 5 ఏళ్లలో మరణం, గుండెపోటు, పక్షవాతం కలిపి స్టెంట్ వాళ్లలో 26.6 శాతం, బైపాస్ వాళ్లలో 18.7 శాతం. పక్షవాతం ఒక్కటే తీసుకుంటే బైపాస్ వాళ్లకే ఎక్కువ. ఈ మాట కూడా డాక్టర్ ముందే చెప్పాలి.

కాలి సిర ధమనిలోని ఒత్తిడికి పుట్టలేదు. పదేళ్లలో దాదాపు సగం మూసుకుపోతాయి. ఎదురొమ్ము ఎముక వెనకుండే ఆ ఛాతీ ధమని మాత్రం పదింట తొమ్మిది పదేళ్ల తర్వాతా పనిచేస్తూనే ఉంటుంది. మరి రెండువైపులవీ వాడొచ్చు కదా? వాడతారు, కానీ రెండూ తీస్తే ఎదురొమ్ము ఎముకకు రక్తం తగ్గుతుంది. షుగర్ ఉన్నవాళ్లకు, అందులోనూ లావుగా ఉన్నవాళ్లకు, ఆ గాయం చీము పట్టే ప్రమాదం పెరుగుతుంది. ముంజేతి ధమని ఉంది గానీ, షుగర్‌లో దానికి సున్నం పట్టి ఉండొచ్చు. చూసుకొని తీయాలి.

ఆపరేషన్ ముందు చూసే హెచ్‌బీఏ1సీ దాదాపు మూడు నెలల షుగర్ లెక్క. వారం రోజులు అన్నం మానేసి జొన్నరొట్టె తిన్నా అది దిగదు. ఐసీయూలో షుగర్ 180 దాటకుండా ఇన్సులిన్ డ్రిప్ పెడతారు. ఇక జీవితాంతం సూదులేనా అని ఇంట్లోవాళ్లు టెన్షన్ పడతారు గానీ, చాలామంది మళ్లీ గోలీలకే వస్తారు.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది మాత్రం డిశ్చార్జి తర్వాత జరిగేది. 2007లో ఆరోగ్యశ్రీ మొదట మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి, అలా ఇలాంటి ఆపరేషన్లు పేదింటి దాకా వచ్చాయి. ఆపరేషన్ షుగర్‌నూ తీయదు, ధమనుల జబ్బునూ తీయదు. అయినా కొలెస్ట్రాల్ రిపోర్టు నార్మల్ వచ్చిందని స్టాటిన్ గోలీ ఆపేసేవాళ్లు ఎందరో. అది నార్మల్‌కు వచ్చింది ఆ గోలీతోనే. పైగా నొప్పి తెలిపే నరాలు దెబ్బతిన్న షుగర్ మనిషికి కొత్త దారి మూసుకుపోతున్నా ఛాతీ నొప్పి రాకపోవచ్చు. ఆయాసం, చెమటలు, గ్యాస్ పట్టినట్టుండటం, అంతే. ఈనో తాగి పడుకోకుండా ఈసీజీ తీయించుకోవాల్సింది అప్పుడే.