నారు ఒకరిది, కోత ఇంకొకరిది: అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో టీమ్ కట్టే పద్ధతి ఎలా మారింది

2024 ఏప్రిల్‌లో మార్క్ పోప్ కెంటకీ యూనివర్సిటీకి బాస్కెట్‌బాల్ కోచ్‌గా వచ్చాడు. వచ్చి చూస్తే టీమ్ లేదు. అంతకు ముందు సీజన్‌లో స్కాలర్‌షిప్ మీద ఆడినవాళ్లలో ఒక్కరూ మిగల్లేదు. పాత కోచ్ జాన్ కాలిపరి ఆర్కన్సా యూనివర్సిటీకి వెళ్లిపోయాడు. ఆటగాళ్లలో కొందరు ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్‌బీఏ కొత్తవాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌కి, కొందరు కాలిపరి వెంట, మిగతావాళ్లు తలో కాలేజీకి సర్దుకున్నారు. ఇదంతా జరిగింది ఏదో చిన్న కాలేజీలో కాదు, ఎనిమిది సార్లు జాతీయ చాంపియన్ అయిన చోట.

కొన్ని వారాల్లోనే పోప్ మళ్లీ టీమ్ కట్టాడు. శాన్ డియేగో స్టేట్ నుంచి లమాంట్ బట్లర్, ఓక్లహోమా నుంచి ఒటేగా ఒవే, డేటన్ నుంచి కోబీ బ్రేయా, డ్రెక్సెల్ నుంచి అమారీ విలియమ్స్, వేక్ ఫారెస్ట్ నుంచి ఆండ్రూ కార్ వచ్చారు. జాక్సన్ రాబిన్సన్ పోప్ అంతకు ముందు పనిచేసిన బ్రిగమ్ యంగ్ నుంచి ఆయన వెనకే వచ్చాడు. అంతకు ముందు ఏడాది వీళ్లంతా వేరువేరు జెర్సీల్లో ఆడినవాళ్లు. నవంబర్‌లో వీళ్లే డ్యూక్‌ని ఓడించారు. 2025 మార్చిలో జాతీయ టోర్నమెంట్‌లో చివరి 16 దాకా వెళ్లారు.

ఇదే పోప్ 1993లో ఆటగాడిగా వాషింగ్టన్ యూనివర్సిటీ వదిలి కెంటకీకి వచ్చాడు. అప్పటి నియమం ప్రకారం 1993-94 సీజన్ మొత్తం మ్యాచ్ ఆడకుండా కూర్చున్నాడు. ప్రాక్టీస్‌కి మాత్రం రోజూ వెళ్లాడు. తర్వాత రెండేళ్లు ఆడి, 1996లో కెప్టెన్లలో ఒకడిగా జాతీయ కప్పు అందుకున్నాడు. ఆయన కూర్చున్న ఆ ఏడాదికీ, ఆయన కొన్ని వారాల్లో కట్టిన ఈ టీమ్‌కీ మధ్య మారిన నియమాల కథే ఇది.

కాలేజీ ఆటలను నడిపే ఎన్‌సీఏఏ మొదటి నుంచీ ఒక్క మాట మీదే నిలబడింది: వీళ్లు ముందు విద్యార్థులు, ఆ తర్వాతే ఆటగాళ్లు. ఆ మాట పేరుతోనే చాలా ఆంక్షలు వచ్చాయి. ఒకప్పుడు మొదటి సంవత్సరం కుర్రాళ్లను ప్రధాన టీమ్‌లో ఆడనిచ్చేవారు కాదు. 1965 నవంబర్‌లో యూసీఎల్ఏ కొత్త స్టేడియం పాలీ పెవిలియన్‌లో మొదటి సంవత్సరం పిల్లలకీ, అప్పటి జాతీయ చాంపియన్లయిన ప్రధాన టీమ్‌కీ మ్యాచ్ పెట్టారు. పిల్లలు 75-60తో గెలిచారు. అందులో 31 పాయింట్లు కొట్టిన కుర్రాడు లూ ఆల్సిండర్, తర్వాతి రోజుల్లో కరీమ్ అబ్దుల్ జబ్బార్. దేశంలోనే మేటి అని తేలిపోయిన ఆటగాడు కూడా ఆ ఏడాది జూనియర్ మ్యాచ్‌లే ఆడాల్సి వచ్చింది. 1972లో గానీ ఈ ఆంక్ష పోలేదు.

కాలేజీ మారితే ఒక ఏడాది ఆట మానేసి కూర్చోవాలన్న నియమానికి ఇంకా ఎక్కువ ఆయుష్షు ఉంది. కొత్త చోట చదువులో కుదురుకోవాలి, పెద్ద కాలేజీలు పక్కవాళ్ల ఆటగాళ్లను ఎత్తుకుపోకూడదు అని రెండు కారణాలు చెప్పేవారు. రెండూ వినడానికి సబబుగానే ఉంటాయి. కానీ చివరి రోజుల్లో ఆ నియమం గట్టిగా అమలైంది అయిదు ఆటల్లోనే: అమెరికన్ ఫుట్‌బాల్, పురుషుల బాస్కెట్‌బాల్, మహిళల బాస్కెట్‌బాల్, బేస్‌బాల్, పురుషుల ఐస్ హాకీ. టెన్నిస్ ఆడే అమ్మాయి ఒకసారి కాలేజీ మారి వెంటనే ఆడుకోవచ్చు, బాస్కెట్‌బాల్ ఆడే అమ్మాయికి మాత్రం కుదరదు. చదువులో కుదురుకోవడమే అసలు కారణమైతే ఇద్దరికీ ఒకటే నియమం ఉండాలి కదా. దానికి తోడు, ఆటగాడు ఏ కాలేజీలతో మాట్లాడవచ్చో పాత కోచ్ అనుమతి ఇవ్వాలి. కోచ్‌కి మాత్రం ఇవేవీ లేవు. కాంట్రాక్టు మధ్యలో ఎక్కువ జీతం దొరికితే మర్నాడే వెళ్లి కొత్త బెంచీ మీద కూర్చోవచ్చు.

మన పిల్లలు ఎంఎస్‌కి ఒక యూనివర్సిటీలో చేరి, నచ్చకపోతే ఐ-20 (వీసాకి కావాల్సిన అడ్మిషన్ పత్రం) మార్పించుకుని ఇంకో చోటికి వెళ్తుంటారు. వెళ్లిన చోట ఏడాది పాటు ల్యాబ్‌లో అడుగుపెట్టకూడదని ఎవరైనా అంటే ఊరుకుంటామా? నా మటుకు నాకు పాత నియమం అన్యాయమే. అది పోవాల్సిందే. అయితే అది పోయిన తీరులో చాలా నష్టం జరిగింది.

ఆ ఏడాది ఆగడం వల్ల కొందరికి మేలు జరిగిన మాటా నిజం. 2021లో అప్పటిదాకా ఓటమి లేని గొంజాగాని 86-70తో ఓడించిన బేలర్‌లో డేవియన్ మిచెల్ ఆబర్న్ నుంచి, మేసియో టీగ్ నార్త్ కరొలైనా యాష్‌విల్ నుంచి, ఆడమ్ ఫ్లాగ్లర్ ప్రెస్బిటేరియన్ నుంచి వచ్చి తలా ఒక సీజన్ కూర్చున్నవాళ్లే. ఆ ఏడాదంతా కోచ్ స్కాట్ డ్రూ పద్ధతి నేర్చుకుంటూ, ప్రాక్టీస్‌లో తోటివాళ్లతో తలపడుతూ గడిపారు. కోర్టులోకి దిగేసరికి ఎవరు ఎక్కడ నిలబడతారో, ఎవరికి ఏ పాస్ ఇష్టమో ఒకరికొకరికి తెలుసు.

మార్పు మెల్లగా మొదలైంది. 2005లో ఎన్‌బీఏ తన ఒప్పందంలో, డ్రాఫ్ట్‌కి రావాలంటే 19 ఏళ్ల వయసు, హైస్కూల్ తర్వాత ఒక ఏడాది గ్యాప్ ఉండాలని పెట్టింది. దాంతో గొప్ప కుర్రాళ్లు ఒక్క ఏడాదికే కాలేజీకి రావడం మొదలైంది. కాలిపరి ఆంథనీ డేవిస్ లాంటి మొదటి సంవత్సరం కుర్రాళ్లతో 2012లో కెంటకీకి కప్పు తెచ్చాడు. 2015లో డ్యూక్ అదే దారిలో గెలిచింది. టీమ్‌ని నాలుగేళ్లు పెంచడం తప్పనిసరి కాదని అప్పుడే తేలింది. అయితే ఆ వీలు పట్టుమని పది కాలేజీలకే ఉండేది.

2018 అక్టోబర్‌లో ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చింది. పేరు పెద్దది గానీ, అసలుకి అదొక డేటాబేస్. ఆటగాడు తన కాలేజీలో నియమాలు చూసే ఆఫీసుకి చెబితే రెండు పనిదినాల్లో అతని పేరు అందులో ఎక్కించాలి. ఎక్కగానే దేశంలోని కోచ్‌లందరికీ కనిపిస్తుంది, ఎవరైనా ఫోన్ చేయొచ్చు. పాత కోచ్ అనుమతి అక్కర్లేదు. ఏడాది కూర్చోవడం మాత్రం ఇంకా ఉంది.

తర్వాత కరోనా వచ్చింది. 2020-21 సీజన్ ఎవరి లెక్కలోకీ రాదని ఎన్‌సీఏఏ ప్రకటించింది. నాలుగేళ్లు ఆడాల్సినవాడు అయిదేళ్లు ఆడవచ్చు. ఆ ఏడాది కష్టాలు చూస్తే ఇది న్యాయమే. కానీ టీమ్‌కి స్కాలర్‌షిప్‌లు 13. వెళ్లాల్సినవాడు వెళ్లకపోతే రావాల్సినవాడికి చోటు ఉండదు. 23, 24 ఏళ్ల అనుభవజ్ఞుడు పోర్టల్‌లో దొరుకుతుంటే 18 ఏళ్ల కుర్రాడిని తెచ్చి రెండేళ్లు తీర్చిదిద్దే ఓపిక కోచ్‌కి ఎక్కడిది? ఈ మొత్తం కథలో ఎవరూ పట్టించుకోకుండా వదిలేసింది ఆ హైస్కూల్ పిల్లల్నే. కేసు వేయడానికి వాళ్లకి ఏ కాలేజీ జెర్సీ కూడా లేదు.

2021లో మూడు నెలల్లో మూడు దెబ్బలు తగిలాయి. ఏప్రిల్‌లో, అందరు ఆటగాళ్లూ ఒకసారి కాలేజీ మారి వెంటనే ఆడవచ్చని ఎన్‌సీఏఏ ఒప్పుకుంది. జూన్ 21న ఆల్‌స్టన్ కేసులో సుప్రీంకోర్టు 9-0తో, చదువుకి సంబంధించిన సాయాల మీద ఎన్‌సీఏఏ పెట్టిన పరిమితులు గుత్తాధిపత్య వ్యతిరేక చట్టానికి విరుద్ధమని తేల్చింది. జూలై 1 నుంచి ఆటగాళ్లు తమ పేరు, ఫొటో మీద డబ్బు సంపాదించుకోవచ్చు. దీన్నే ఎన్‌ఐఎల్ అంటున్నారు. మారే స్వేచ్ఛ, డబ్బు తీసుకునే స్వేచ్ఛ విడివిడిగా వచ్చి ఉంటే కథ వేరేగా ఉండేదేమో. రెండూ ఒకే వేసవిలో వచ్చాయి. (విద్యార్థులకిచ్చే ఎఫ్-1 వీసా మీద బయట పనిచేసి సంపాదించడం ఎంత కష్టమో మనవాళ్లకి చెప్పక్కర్లేదు. విదేశీ ఆటగాళ్లకీ అదే చిక్కు. కాంగో నుంచి వచ్చిన ఆస్కార్ షీబ్వే 2022లో కెంటకీ టీమ్ బహామాస్ వెళ్లినప్పుడు ఆ ఒప్పందాల పని అక్కడ చేసుకోవాల్సి వచ్చింది.)

ఇక మిగిలింది రెండోసారి మారేవాళ్ల సంగతి. రేక్వాన్ బాటిల్ వాషింగ్టన్ రాష్ట్రంలోని టులాలిప్ ఆదివాసీ రిజర్వేషన్‌లో పెరిగిన కుర్రాడు. వాషింగ్టన్ యూనివర్సిటీ నుంచి మాంటానా స్టేట్‌కీ, అక్కడి కోచ్ వెళ్లిపోయాక 2023లో వెస్ట్ వర్జీనియాకీ మారాడు. మానసిక ఆరోగ్యం కారణంగా మినహాయింపు అడిగితే ఎన్‌సీఏఏ ఇవ్వలేదు. సీజన్ మొదలయ్యాక వారాల తరబడి బెంచీ మీదే ఉన్నాడు. ఏడు రాష్ట్రాలు కలిసి కేసు వేశాయి. డిసెంబర్ 13న వెస్ట్ వర్జీనియా ఫెడరల్ జడ్జి ఆ నియమాన్ని ఆపేశారు. కొన్ని రోజుల్లో బాటిల్ మ్యాచ్‌లోకి దిగాడు. జనవరిలో అమెరికా న్యాయశాఖ కూడా కేసులో చేరింది. 2024 ఏప్రిల్‌లో ఎన్‌సీఏఏ చేతులెత్తేసింది: చదువులో అర్హత ఉంటే ఎన్నిసార్లయినా మారవచ్చు.

పదేళ్ల ముందే ఎన్‌సీఏఏ తనంతట తాను ఒక న్యాయమైన నియమం రాసుకుని ఉండాల్సింది. ఒకసారి స్వేచ్ఛగా మారొచ్చు, కోచ్ వెళ్లిపోతే ఇంకోసారి అని రాసి ఉంటే చాలామంది ఒప్పుకునేవారు. రాయలేదు కాబట్టి కోర్టులు రాశాయి. కోర్టు పని నియమాన్ని కొట్టేయడమే, దాని చోట ఇంకోటి కట్టడం కాదు.

దీని భారం ఎవరి మీద పడిందో 2022లోనే కనిపించింది. మన తెలుగువాళ్లు చాలామంది ఉండే జెర్సీ సిటీలో సెయింట్ పీటర్స్ అనే చిన్న కాలేజీ ఉంది. ఆ మార్చిలో జాతీయ టోర్నమెంట్‌కి 15వ సీడ్‌గా (తన విభాగంలోని 16 టీమ్‌లలో 15వ ర్యాంకుతో) వచ్చి కెంటకీని, ముర్రే స్టేట్‌ని, పర్డ్యూని వరసగా ఓడించి చివరి 8లో నిలిచింది. 15వ సీడ్ అంతదూరం రావడం టోర్నమెంట్ చరిత్రలోనే మొదటిసారి. టోర్నమెంట్ అయిన కొద్ది రోజులకే కోచ్ షహీన్ హాలోవే సీటన్ హాల్‌కి వెళ్లిపోయాడు. ఆటగాళ్లలో కేసీ ఎన్‌డెఫో ఆయన వెనకే వెళ్లాడు. మీసాలతో దేశమంతా పేరు తెచ్చుకున్న డగ్ ఎడర్ట్ బ్రయంట్‌కీ, డారిల్ బ్యాంక్స్ సెయింట్ బొనవెంచర్‌కీ వెళ్లారు. ఎవరినీ తప్పు పట్టలేం. మెరుగైన అవకాశం ఎవరికైనా కావాలి. కానీ నారు పోసి పెంచిన కాలేజీకి ఆ పేరు మీద ఇంకో సీజన్ కూడా మిగల్లేదు.

2023లో ఫైనల్ ఫోర్‌లో, అంటే చివరి నాలుగు టీమ్‌ల దశలో, ఆఖరి సెకనులో లమాంట్ బట్లర్ వేసిన షాట్‌తో శాన్ డియేగో స్టేట్ 72-71తో ఫ్లోరిడా అట్లాంటిక్‌ని ఓడించింది. రెండూ పెద్ద లీగ్‌ల టీమ్‌లు కావు. రెండేళ్లు తిరిగేసరికి బట్లర్ కెంటకీలో ఉన్నాడు. అవతలి వైపు ఆడిన అలీజా మార్టిన్ ఫ్లోరిడాలో, ఆ టీమ్ కోచ్ డస్టీ మే మిషిగన్‌లో ఉన్నారు. 2025లో ఫ్లోరిడా 65-63తో హ్యూస్టన్‌ని ఓడించి చాంపియన్ అయింది. అందులో మార్టిన్‌తోపాటు అయోనా నుంచి వచ్చిన వాల్టర్ క్లేటన్, బెల్మాంట్ నుంచి వచ్చిన విల్ రిచర్డ్ ముందున్నారు. ముగ్గురినీ పెంచింది చిన్న కాలేజీలే. అదే ఏడాది చివరి 16 టీమ్‌లూ పెద్ద లీగ్‌లవే, అందులో ఎస్‌ఈసీ అనే ఒక్క లీగ్‌వే ఏడు. ఫైనల్ ఫోర్‌లో నాలుగు టీమ్‌లూ నంబర్ 1 సీడ్‌లే.

కోచ్‌ల్లోనూ అలసట కనిపిస్తోంది. జిమ్ లరానాగా 2006లో జార్జ్ మేసన్ లాంటి చిన్న టీమ్‌ని, 2023లో మయామీని ఫైనల్ ఫోర్‌కి తీసుకెళ్లినవాడు. 2024 డిసెంబర్‌లో సీజన్ మధ్యలోనే తప్పుకున్నాడు. ఫైనల్ ఫోర్ ఆడొచ్చాక జరిగిన మొదటి మీటింగ్‌లోనే ఎనిమిది మంది పోర్టల్‌కి వెళ్తామన్నారని, అది విని నివ్వెరపోయానని చెప్పాడు. అదే ఏడాది అక్టోబర్‌లో వర్జీనియా కోచ్ టోనీ బెనెట్ సీజన్‌కి కొద్ది వారాల ముందు వెళ్లిపోయాడు. ఈ పరిస్థితుల్లో తాను సరైనవాడిని కాదన్నాడు.

2025 జూన్ 6న, ఎన్‌సీఏఏ మీద ఆటగాళ్లు వేసిన హౌస్ కేసు రాజీకి జడ్జి క్లాడియా విల్కెన్ ఆమోదం ఇవ్వడంతో, కాలేజీలే ఆటగాళ్లకి నేరుగా డబ్బు ఇవ్వడం మొదలైంది. మొదటి ఏడాది ఒక్కో కాలేజీకి పరిమితి దాదాపు 2.05 కోట్ల డాలర్లు, అన్ని ఆటలకీ కలిపి. బాస్కెట్‌బాల్ టీమ్‌లో ఉండగలిగేవాళ్ల సంఖ్య 15కి పెరిగింది. ఇప్పుడు చాలా కాలేజీ టీమ్‌లకి ఎన్‌బీఏ తరహాలో జనరల్ మేనేజర్ ఉన్నాడు.

ఎవరు కాలేజీ ఆటగాడు అన్న గీత కూడా అటూ ఇటూ జరుగుతూనే ఉంది. 2024 డిసెంబర్‌లో ఫుట్‌బాల్ ఆటగాడు డియేగో పావియా, జూనియర్ కాలేజీలో (అమెరికాలో హైస్కూల్ తర్వాత చదివే రెండేళ్ల కాలేజీ) ఆడిన ఏళ్లను తన లెక్కలో వేయొద్దని కోర్టు ఆర్డర్ తెచ్చుకున్నాడు. 2025 డిసెంబర్‌లో, 2023 ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో 31వ ఎంపిక అయి యూరప్‌లో ప్రొఫెషనల్‌గా ఆడిన జేమ్స్ నాజీ బేలర్‌లో చేరాడు. అతనికి ఎన్‌సీఏఏ అర్హత ఇచ్చినప్పుడు కాలిపరితో సహా చాలామంది కోచ్‌లు బహిరంగంగానే అభ్యంతరం చెప్పారు.

కోర్టులు ముట్టుకోని నియమం ఒకటి ఉంది. ఆడుతూ ఉండాలంటే రెండో ఏడాది చివరికి డిగ్రీలో 40 శాతం, మూడో ఏడాదికి 60, నాలుగో ఏడాదికి 80 శాతం పూర్తయి ఉండాలి. కాలేజీ మారిన ప్రతిసారీ కొన్ని క్రెడిట్లు కొత్త చోట డిగ్రీలో లెక్కకి రావు. మేజర్ (డిగ్రీలో ప్రధాన సబ్జెక్టు) మార్చుకుంటే తప్ప ఆ శాతం అందదు. మూడో కాలేజీలో చేరిన కుర్రాడు ఏ మేజర్ తీసుకోవాలో చాలాసార్లు అతని ఇష్టం చెప్పదు, మిగిలిన క్రెడిట్లు ఎందులో సరిపోతాయో అది చెబుతుంది.