మెడ మీది నలుపు మురికి కాదు

పదహారేళ్ల పిల్ల మెడ వెనక నల్లగా, మందంగా కనిపిస్తే ఇంట్లో మొదట జరిగేది సున్నిపిండి పెట్టి రుద్దడం. ఎంత రుద్దినా పోదు. చాలాసార్లు అది రక్తంలో ఇన్సులిన్ ఎక్కువైందనడానికి గుర్తు. దాంతోపాటు నెలసరి రెండు మూడు నెలలకోసారి వస్తూ, గడ్డం కింద వెంట్రుకలు మొలుస్తుంటే, మనం పీసీఓడీ (పాలీసిస్టిక్ ఓవరీ డిసీజ్, దీన్నే పీసీఓఎస్ అనీ అంటారు) అనే సమస్యను అనుమానించాల్సిందే.

అండాశయం స్కానింగ్‌లో ‘నీటి బుడగలు’ అనగానే అందరికీ టెన్షన్. అవి గడ్డలు కావు, ఎదుగుదల మధ్యలో ఆగిపోయిన అండం సంచులు. 1935లో షికాగో డాక్టర్లు స్టెయిన్, లెవెంతాల్ ఏడుగురు స్త్రీలలో ఈ సమస్యను వర్ణించినప్పటి నుంచీ అందరి చూపూ వాటి మీదే. ‘పాలీసిస్టిక్’ అంటేనే ‘ఎన్నో నీటి బుడగలున్న’ అని. నన్నడిగితే, పేరు పెట్టడంలోనే పొరపాటు జరిగింది.

అసలు కథ హార్మోన్లది. మెదడు కింది పిట్యూటరీ గ్రంథి నుంచి ఎల్‌హెచ్ అనే హార్మోన్ ఎక్కువగా వచ్చి, అండాశయం చేత టెస్టోస్టెరాన్ లాంటి మగ హార్మోన్లను అతిగా తయారు చేయిస్తుంది. అదే గ్రంథి నుంచి వచ్చి అండాన్ని పెంచాల్సిన ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్ మాత్రం చాలదు. దీనికి ఇన్సులిన్ రెండు వైపులా ఆజ్యం పోస్తుంది. అండాశయంలో ఎల్‌హెచ్‌కు తోడవుతుంది. కాలేయంలోనేమో, టెస్టోస్టెరాన్‌ను పట్టి ఉంచే ప్రొటీన్ తయారీని తగ్గిస్తుంది. పట్టు వదిలిన టెస్టోస్టెరాన్ మొటిమలు, వెంట్రుకల రూపంలో బయటపడుతుంది. సన్నగా ఉన్నవాళ్లకూ ఇది రావచ్చు.

యుక్తవయసులో ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం కొంతవరకు సహజమే, మొదటి ఏడాది నెలసరి తప్పడమూ సహజమే. ఆ వయసులో స్కానింగ్‌లో ఇలాంటి సంచులు ఎక్కువగా కనిపించడమూ మామూలే. అందుకే రజస్వల అయిన 8 ఏళ్ల వరకు స్కానింగ్‌ను బట్టి పీసీఓఎస్ అని తేల్చవద్దని 2023 అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ‘పెళ్లయితే అదే సర్దుకుంటుంది’ అనే మాటకు మాత్రం ఏ ఆధారమూ లేదు. పెళ్లికి హార్మోన్లతో పనేముంది?

ఇరవైలు, ముప్పైలలో దెబ్బ వేరే చోట తగులుతుంది. అండం విడుదల కాకపోతే ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ తయారు కాదు. అది లేక గర్భాశయం లోపలి పొర మందమవుతూ పోతుంది. నెలల తరబడి రాని నెలసరి ఒకసారి మొదలైతే ఆగదు. పిల్లల కోసం ఎదురుచూపులు మొదలయ్యేదీ ఈ వయసులోనే.

నలభైలకు అండాల సంఖ్య తగ్గి, టెస్టోస్టెరాన్ కూడా దిగుతుంది. చాలామందికి నెలసరి గాడిలో పడుతుంది. ‘హమ్మయ్య, తగ్గిపోయింది’ అనుకుంటారు. ఇన్సులిన్ గొడవ మాత్రం లోపల అలాగే ఉంటుంది. అందుకే నెలసరి ఎంత సరిగ్గా వస్తున్నా, ఒకటి నుంచి మూడేళ్లకోసారి షుగర్ పరీక్ష చేయించుకోవాలి.