విడాకులైతే అమెరికా వదిలి వెళ్లాల్సిందేనా? అపోహలు - వాస్తవాలు

అమెరికాలో ఇమిగ్రేషన్ లాయర్‌గా మన తెలుగువాళ్ల విడాకుల ఫైళ్లు తరచూ చూస్తుంటాను. చాలామంది డిక్రీ చేతికొచ్చాక వస్తారు. కాస్త ముందే వచ్చుంటే దారులు ఎక్కువుండేవి. డిక్రీ ఏ తేదీన వచ్చింది, ఆ రోజుకు మీ స్టేటస్ ఏమిటి (ఏ వీసా లేదా కార్డు మీద ఉన్నారు) అన్నదే ఇక్కడ అసలు లెక్క. భర్త భార్యను స్పాన్సర్ చేసినా, భార్య భర్తను చేసినా రూల్స్ ఒకటే. నా దగ్గరికి ఎక్కువగా వచ్చేది ఆడవాళ్లే కాబట్టి వాళ్ల వైపు నుంచే రాస్తున్నాను.

అపోహ: ఆయన ఒక్క ఫోన్ చేస్తే నా గ్రీన్‌కార్డు క్యాన్సిల్.

ఉత్త బెదిరింపు. పదేళ్ల కార్డు వచ్చాక, పెళ్లి నిజమైనదైతే, విడాకులతో అది పోదు. సిటిజన్‌షిప్‌కు మాత్రం, సిటిజన్ భార్యకుండే మూడేళ్లకు బదులు ఐదేళ్లు ఆగాలి. కార్డు రాకముందైతే సంగతి వేరు. ఆయన వేసిన పిటిషన్‌ను ఆయనే వెనక్కి తీసుకోవచ్చు. ఆయన ఉద్యోగం మీద వచ్చే గ్రీన్‌కార్డులో మీరు డిపెండెంట్ అయితే, అది అప్రూవ్ కాకముందే డిక్రీ వస్తే మీ అప్లికేషన్ నిలబడదు.

అపోహ: హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగ వీసా ఉన్నవాళ్ల భార్య లేదా భర్త, పిల్లల వీసా) వాళ్లకు డిక్రీ తర్వాత 60 రోజుల టైం ఉంటుంది.

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ఆ 60 రోజులు ఉద్యోగం పోయినప్పటి గడువు, విడాకులకు వర్తించదు. డిక్రీతోనే హెచ్-4 ముగుస్తుంది. ఐ-94 (ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) మీద ఇంకో ఏడాది తేదీ ఉన్నా, హెచ్-4 మీద తీసుకున్న ఈఏడీ (ఉద్యోగం చేసుకునే అనుమతి) కార్డు పర్సులో ఉన్నా అంతే. అయితే విడిగా ఉంటున్నంత మాత్రాన, కోర్టులో కేసు నడుస్తున్నంత మాత్రాన స్టేటస్ పోదు. ఎఫ్-1 స్టూడెంట్ వీసాకు మారాలనుకుంటే ఆ దరఖాస్తు ఈలోపే పడాలి. విడాకుల కేసు చూసే లాయర్ ధ్యాసంతా ఆస్తులు, పిల్లల కస్టడీ మీదే ఉంటుంది. డిక్రీ తేదీ కొంచెం జరిపే వీలుందేమో మీరే అడగాలి. పిల్లల హెచ్-4కు ఢోకా లేదు, తండ్రీబిడ్డల బంధం విడాకులతో తెగదు కదా.

అపోహ: రెండేళ్ల కండిషనల్ కార్డైతే (కొత్తగా పెళ్లైనవాళ్లకిచ్చే తాత్కాలిక గ్రీన్‌కార్డు) ఆయన సంతకం లేకుండా పని జరగదు.

జరుగుతుంది. డిక్రీ జతచేసి, జాయింట్ ఫైలింగ్ (ఇద్దరూ కలిసి దరఖాస్తు చేయడం) నుంచి మినహాయింపు కోరుతూ, ఆ కండిషన్ తీసేయమని అడిగే ఐ-751 ఫారం ఒంటరిగానే వేయవచ్చు. విడాకుల కేసు ముందు ఎవరు వేశారన్నది అడ్డు కాదు. పెళ్లి నిజమైనదని నిరూపించే భారం మాత్రం మీదే. మనవాళ్లు వెంటనే పెళ్లి ఆల్బమ్, శుభలేఖ పట్టుకొస్తారు. ఆఫీసర్‌కు కావలసింది తలంబ్రాల ఫొటోలు కాదు, ఆ తర్వాతి కాపురం. అద్దె అగ్రిమెంటు, కరెంటు బిల్లు, బ్యాంకు అకౌంటు అన్నీ ఆయన పేరు మీదే ఉన్నాయని కంగారుపడకండి. ఇద్దరి పేర్లున్న కారు ఇన్సూరెన్స్, జాయింట్ ట్యాక్స్ రిటర్న్, అదే అడ్రస్‌కు మీ పేరున వచ్చిన హాస్పిటల్ బిల్లు, ఇద్దరూ కలిసి ఇండియా వెళ్లిన టికెట్లు కూడా సాక్ష్యాలే. ఇల్లు వదిలేముందే కాపీలు తీసి పెట్టుకోండి.

అపోహ: హింస జరిగిందని చెబితే ఎవరికైనా గ్రీన్‌కార్డు ఇస్తారు.

వావా (మహిళలపై హింసను అరికట్టే అమెరికా చట్టం, మగవాళ్లకూ వర్తిస్తుంది) కింద సొంతంగా పిటిషన్ వేయాలంటే హింసించిన భర్త సిటిజన్ గానీ గ్రీన్‌కార్డుదారు గానీ అయి ఉండాలి. హెచ్-1బీ మీద ఉన్నాయన భార్యకు ఈ దారి లేదు. విడాకులైపోయినా, వాటికి ఆ హింసతో సంబంధం ఉంటే రెండేళ్లలోపు వేయవచ్చు.

అపోహ: అమెరికా డిక్రీ ఉంటే ఇండియాలోనూ విడాకులైనట్టే.

వై. నరసింహారావు, వై. వెంకటలక్ష్మి కేసులో తిరుపతిలో పెళ్లయింది, భర్త మిస్సోరి కోర్టులో డిక్రీ తెచ్చుకున్నాడు. 1991లో సుప్రీంకోర్టు దాన్ని గుర్తించలేదు. అప్పటికే ఆయన రెండో పెళ్లి చేసుకోవడంతో బైగమీ (మొదటి పెళ్లి ఉండగానే మరో పెళ్లి) కేసు ఎదుర్కొన్నాడు. ఇద్దరూ స్వచ్ఛందంగా ఒప్పుకుని తెచ్చుకున్న డిక్రీ వేరు. అవతలివాళ్లు హాజరు కాకుండా, హిందూ వివాహ చట్టంలో లేని కారణంతో వచ్చిన డిక్రీ అయితే, మళ్లీ సంబంధాలు చూసేముందు ఇండియా లాయర్‌ను ఒకసారి అడగండి.